సింక్ ఆన్ చేసే ముందు

అమెరికాలోని అట్లాంటాకు చెందిన ఒక సంగీతకారుడు 2016 మే మొదటి వారంలో తన గోడు రాసుకున్నాడు. చందా కట్టి పాటలు వినే యాపిల్ మ్యూజిక్ సేవలో చేరాక తన కంప్యూటర్‌లోని 122 జీబీ పాటలు పోయాయన్నది దాని సారాంశం. ఏళ్ల తరబడి సీడీల నుంచి ఎక్కించుకున్నవి, డబ్బు పెట్టి కొనుక్కున్నవి, తాను స్వయంగా స్వరపరిచి రికార్డు చేసుకున్నవి అన్నీ అందులో ఉన్నాయి. కొద్ది రోజుల్లోనే ఆ రాత దేశదేశాల పత్రికలకెక్కింది. చదివినవాళ్లలో చాలామంది తమ కంప్యూటర్లలోనూ ఆ సేవలోని పాటల సింక్ సదుపాయాన్ని ఆన్ చేసి ఉన్నారు మరి.

పాటలు పోవడం ఒక ఎత్తు, వాటి స్థానంలో వచ్చినవి ఇంకో ఎత్తు. స్పూన్ అనే బ్యాండ్ పాడిన ‘సిస్టర్ జాక్’ పాటకు పియానో మీద చేసిన డెమో ఒకటి అతని దగ్గర ఉండేది. బ్యాండ్ వాళ్ల వెబ్‌సైట్‌లోంచి దాదాపు పదేళ్ల కిందట దింపుకున్నది, బజారులో దొరకనిది. దాని చోట అందరి దగ్గరా ఉండే మామూలు ఆల్బమ్ పాట వచ్చి కూర్చుంది. పాట పేరు అదే, పాడినవాళ్లూ వాళ్లే. కంప్యూటర్ లెక్కలో రెండూ ఒకటే. ఇక అతను సొంతంగా చేసుకున్న బాణీలు వేవ్ ఫైళ్లుగా, అంటే స్టూడియోలో రికార్డయిన నాణ్యతతో ఉండేవి. అవి సర్వర్‌కు చేరేటప్పటికి కుదించిన ఫైళ్లుగా మారాయి. బ్యాకప్ ఉంచుకున్నాడు కాబట్టి అతను గట్టెక్కాడు. అది లేకుంటే కొన్ని రికార్డింగులు లోకంలోనే లేకుండా పోయేవి.

యాపిల్ దీన్ని కొట్టిపారేయలేదు. చాలా తక్కువ మంది నుంచి ఇలాంటి ఫిర్యాదులు వచ్చాయనీ, అయితే తమ పరీక్షల్లో మాత్రం ఆ లోపం మళ్లీ కనబడలేదనీ చెప్పింది. ఇద్దరు ఇంజనీర్లను అతని ఇంటికే పంపింది. వాళ్లు అక్కడే కూర్చుని అతని కంప్యూటర్‌ను పరిశీలించినా ఫైళ్లు పోవడం కళ్లారా చూడలేకపోయారు. ఆ నెల మధ్యలోనే అదనపు జాగ్రత్తలు చేర్చి తన పాటల సాఫ్ట్‌వేర్ ఐట్యూన్స్ 12.4ను విడుదల చేసింది. లోపం సాఫ్ట్‌వేర్‌దా, తెర మీద ఏదో పెట్టెలో అడిగిన ప్రశ్నకు మనిషి పొరపాటున ‘డిలీట్’ అన్నాడా అన్నది చివరికీ తేలలేదు. సాంకేతిక విషయాలు రాసేవాళ్లలో కొందరు రెండోదే జరిగి ఉంటుందన్నారు. నిజానికి అదేమీ ఊరటనిచ్చే జవాబు కాదు. ఒక్క తప్పు నొక్కుడుకు పదేళ్ల సేకరణ పోయేలా ఉంటే ఆ పెట్టెను రాసిన తీరులోనే లోపం ఉన్నట్టు.

అంతకు ముందే ఒక హెచ్చరిక వచ్చింది. యాపిల్ మ్యూజిక్ మొదలైంది 2015 జూన్ 30న. మూడు వారాలు తిరిగేసరికి జిమ్ డాల్రింపుల్ అనే విలేఖరి తన లైబ్రరీలో సుమారు 4,700 పాటలు పోయాయని రాశాడు. ఆయన ఏళ్లుగా యాపిల్ గురించి రాస్తున్నవాడు, ఆ కంపెనీ తయారుచేసే వస్తువులంటే ఇష్టపడేవాడు. తర్వాత కంపెనీ వాళ్లే సాయం చేసి చాలా వరకు తిరిగి తెప్పించారు. పేరున్న విలేఖరి కాబట్టి పని జరిగింది. మామూలు శ్రోతకు ఆ అదృష్టం ఉండదు.

ఇంతకీ లోపల జరిగేదేమిటి? యాపిల్ మ్యూజిక్‌లోని ఐక్లౌడ్ మ్యూజిక్ లైబ్రరీ (ఇప్పుడు దాని పేరు సింక్ లైబ్రరీ) ఆన్ చేయగానే సాఫ్ట్‌వేర్ మన కంప్యూటర్‌లోని ఒక్కో పాటనూ తీసి, అది కంపెనీ జాబితాలో ఉందేమో వెతుకుతుంది. ఉంటే మన ఫైలును పైకి పంపదు. తన దగ్గరున్న ప్రతినే మన ఖాతాకు కట్టేస్తుంది. దీన్ని మ్యాచ్ అంటారు. జాబితాలో లేని పాట అయితేనే మన ఫైలును అప్‌లోడ్ చేసుకుంటుంది. ఒకే పాటను కోటిమంది కోసం కోటిసార్లు దాచడం కంపెనీకి దండగ, గంటల తరబడి అప్‌లోడ్‌కు కూర్చోవడం మనకు విసుగు. ఆ లెక్కన ఈ పద్ధతి తెలివైనదే. చిక్కల్లా ఎక్కడంటే, ఫోన్‌లోనో కొత్త ల్యాప్‌టాప్‌లోనో అదే పాట దింపుకుంటే వచ్చేది మన ఫైలు కాదు. కంపెనీ దగ్గరున్న 256 కేబీపీఎస్ ప్రతి. మొదటి కంప్యూటర్‌లోని అసలు ఫైలు ఉన్నంతకాలం ఇబ్బందేమీ లేదు. ‘పాటలన్నీ క్లౌడ్‌లో ఉన్నాయిగా’ అని స్థలం కోసం దాన్ని తుడిచేసిన రోజున అసలు పోయి, పోలికే మిగులుతుంది.

ఆ పోలిక పట్టడంలోనూ రెండు రకాలున్నాయి. యాపిల్ 2011 నవంబరులో ఏడాదికి సుమారు 25 డాలర్లకు ఇచ్చిన ఐట్యూన్స్ మ్యాచ్ పాటలోని ధ్వనిని విశ్లేషించి గుర్తుపట్టేది. వేలిముద్రను బట్టి మనిషిని పోల్చుకున్నట్టే ఇదీనూ. 2015లో యాపిల్ మ్యూజిక్‌తో వచ్చిన లైబ్రరీ మాత్రం ఫైలు మీద రాసి ఉన్న పాట పేరు, గాయకుడి పేరు, ఆల్బమ్ పేరు చూసి మ్యాచ్ చేసేది. పైగా అలా తిరిగొచ్చే ఫైలుకు డిజిటల్ తాళం ఉండేది. చందా ఆపితే ఆ ఫైలు పలకదు. విమర్శలు ముదిరాక 2016 జులైలో ధ్వనిని పోల్చే పద్ధతిని యాపిల్ మ్యూజిక్ వాళ్లకూ ఇచ్చి, మ్యాచ్ అయిన పాటలకు తాళం తీసేశారు. ఆ ఏడాది కాలంలో తమ అసలు ఫైళ్లు తుడిచేసుకున్నవాళ్లకు ఆ మార్పు ఆలస్యంగా అందింది.

పేరు చూసి పాటను గుర్తుపట్టే పద్ధతి తెలుగు సేకరణల మీద పడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ‘నగుమోము’ అని పేరు, ఆర్టిస్ట్ అన్న చోట ‘త్యాగరాజు’ అని ఉన్న ఫైళ్లు మన కంప్యూటర్లలో ఎన్నో. పాడింది బాలమురళీకృష్ణా, మరొకరా? స్టూడియోలో పాడిందా, కచేరీలో పాడిందా? ఆ రెండు మాటల్లో ఏమీ తేలదు. ఇంకా చాలా ఫైళ్ల మీద ఆల్బమ్ పేరుకు బదులు వాటిని పంచిన ఏదో వెబ్‌సైట్ పేరు ఉంటుంది. సీడీ నుంచి ఎక్కించినవైతే ‘ట్రాక్ 01’, ‘ట్రాక్ 02’ అనే. సినిమా పాటల్లో ఇంకో తిరకాసు ఉంది. 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డు ఒక పక్క మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పట్టేది. అందుకని సినిమాలో సాగిన పాటను రికార్డు కోసం కుదించేవాళ్లు, లేదా రెండు పక్కలా సగం సగం ఎక్కించేవాళ్లు. సినిమా సౌండ్‌ట్రాక్ నుంచి తీసిన పూర్తి పాట దగ్గరుంచుకున్న రసికుడికి, రికార్డు నుంచి వచ్చిన కుదించిన పాట ప్రత్యామ్నాయం కానే కాదు. ఒక చరణమో, ముందున్న సాకీయో ఎగిరిపోయి ఉంటుంది.

ఇవన్నీ ఎక్కడో ఒకచోట మళ్లీ దొరకొచ్చు. దొరకనివి వేరే ఉన్నాయి. ఆకాశవాణిలో వస్తుండగా టేప్‌రికార్డర్ పెట్టి పట్టుకున్న భక్తిరంజని, ఊళ్లో రాత్రంతా జరిగిన హరికథ, పెళ్లిలో అమ్మమ్మ పాడిన మంగళహారతి. వీటిని క్యాసెట్ నుంచి కంప్యూటర్‌లోకి తేవడం ఎంత ఓపికతో కూడిన పనో చేసినవాళ్లకు తెలుసు. టేప్‌రికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్ లైన్-ఇన్‌కు కేబుల్ కలపాలి. అడాసిటీ లాంటి సాఫ్ట్‌వేర్‌లో రికార్డు నొక్కి, క్యాసెట్ ప్లే చేయాలి. గంట క్యాసెట్‌కు గంటా పడుతుంది. దగ్గరి దారి లేదు. తర్వాత ముందూ వెనకా బరబరలు కోసేసి, ఒక్కో పాటనూ విడగొట్టి, పేర్లు టైపు చేయాలి. చాలా ఇళ్లలో ఆ పని అయ్యాక క్యాసెట్ బూజు పట్టిపోతుంది, లేదా ఇల్లు మారేటప్పుడు పారేస్తారు. అప్పటినుంచి ఆ గొంతు ఉన్నది ఆ ఒక్క ఫైలులోనే.

అలాంటి ఫైలును క్లౌడ్ లైబ్రరీ ఏం చేస్తుందో తెలుసుకోవాలి. యాపిల్ నిబంధనల ప్రకారం 200 ఎంబీ దాటిన ఫైలు గానీ, రెండు గంటలు దాటిన రికార్డింగు గానీ అప్‌లోడ్ కావు. రెండున్నర గంటల ‘సత్యహరిశ్చంద్ర’ పద్యనాటకాన్ని ఒకే ఫైలుగా దాచుకున్నవారి జాబితాలో దాని పేరైతే కనిపిస్తుంది గానీ క్లౌడ్‌లోకి మాత్రం వెళ్లదు. వేవ్ లాంటి నష్టం లేని ఫైళ్లు పంపితే ముందే 256 కేబీపీఎస్‌కు కుదించి పంపుతారు. తిరిగి దింపుకున్నప్పుడు వచ్చేది ఆ కుదించినదే. ఇందులో దాపరికమేమీ లేదు. ఇది బ్యాకప్ సేవ కాదు, మీ పాటలను విడిగా బ్యాకప్ చేసుకోండి అని యాపిలే తన సహాయ పేజీల్లో రాసింది. ఆ వాక్యం సహాయ పేజీలో కాకుండా ఆన్ చేసే బటన్ పక్కనే ఉంటే ఎంతమందికి మేలు జరిగేదో!

సింక్‌కూ బ్యాకప్‌కూ తేడా సరిగ్గా ఇక్కడే ఉంది. సింక్ పని అన్ని పరికరాలనూ ఒకేలా ఉంచడం. ఫోన్‌లో ఒక పాటను లైబ్రరీ నుంచి తీసేస్తే ఆ ఆజ్ఞను నమ్మకంగా ల్యాప్‌టాప్‌కూ ట్యాబ్‌కూ చేరవేస్తుంది. పొరపాటున తీశారా, కావాలనే తీశారా అని అడగదు. బ్యాకప్ అయితే ఇక్కడ ఏం జరిగినా తాను మారకుండా నిన్నటి ప్రతిని నిన్నటిలాగే ఉంచుతుంది. ఫోన్‌లో డౌన్‌లోడ్ తీసేయడం, లైబ్రరీ నుంచే తీసేయడం అని రెండు మాటలు ఒకదాని కింద ఒకటి కనబడతాయి. మొదటిది నొక్కితే ఫోన్‌లో స్థలం మిగులుతుంది, పాట మళ్లీ దింపుకోవచ్చు. రెండోది నొక్కితే పాట అన్ని చోట్లా పోతుంది. బస్సులో కూర్చుని ఫోన్ నిండిపోయిందని చకచకా నొక్కే వేలికి ఆ తేడా ఎక్కడ గుర్తుంటుంది?

ఇక సేవలే మూతపడితే? అది అరుదైన సంగతేమీ కాదు. గూగుల్ ప్లే మ్యూజిక్ 2011లో 20,000 సొంత పాటలు ఉచితంగా దాచుకోనిచ్చింది, 2015లో ఆ పరిమితిని 50,000కు పెంచింది. సొంత సేకరణ ఉన్నవాళ్లకు అప్పట్లో అది పెద్ద సదుపాయం. 2020 చివరలో దాన్ని మూసేశారు. పాటలను యూట్యూబ్ మ్యూజిక్‌కు మార్చుకోవడానికి నెలల గడువిచ్చి, 2021 ఫిబ్రవరి 24 తర్వాత మిగిలినవాటిని తుడిచేశారు. గడువు న్యాయమైనదే, మెయిళ్లూ పంపారు. కానీ ఆ మెయిల్ ఖాతాను ఎప్పుడో మానేసినవాళ్లు, పిల్లలు ఖాతా తెరిచి ఇస్తే పాటలు వింటూ గడిపిన పెద్దవాళ్లు ఆ హెచ్చరిక చూసి ఉంటారన్న నమ్మకం లేదు. అమెజాన్ కూడా సొంత పాటలు దాచుకునే సేవను ఆపేస్తున్నట్టు 2017 డిసెంబరులో ప్రకటించింది.

మన దేశంలోనూ ఇదే వరస. ఫ్లిప్‌కార్ట్ 2012 ఫిబ్రవరిలో ఫ్లైట్ పేరుతో ఎంపీ3 పాటల దుకాణం తెరిచింది. తాళం లేని ఫైళ్లు చట్టబద్ధంగా కొనుక్కునే వీలు కల్పించిన మంచి ప్రయత్నం అది. ఏడాదిన్నర కూడా నడవకుండా 2013 జూన్‌లో మూతపడింది. కొన్న పాటలు దింపుకోవడానికి కొంత గడువిచ్చారు. ఆలోగా తమ కంప్యూటర్‌లోకి దింపుకున్నవాళ్ల దగ్గర ఆ పాటలు నేటికీ పలుకుతాయి, ఎందుకంటే వాటికి ఏ సర్వర్ అనుమతీ అక్కర్లేదు. 2024 జనవరి నెలాఖరుకు రెస్సో అనే పాటల యాప్ మన దేశంలో ఆగిపోయింది. అదే ఏడాది ఎయిర్‌టెల్ తన వింక్ మ్యూజిక్‌ను మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఇలాంటి యాప్‌లలో చందా మీద ‘డౌన్‌లోడ్’ చేసుకున్న పాటలు యాప్ గోడల మధ్యే పలుకుతాయి. యాప్ పోతే వాటి కథ ముగిసినట్టే.

యాప్ బతికి ఉన్నా పాటలు పోవచ్చు. 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై భారత్‌కు వచ్చింది. హెచ్‌ఎంవీ కాలం నాటి పాత పాటల ఖజానా సరెగమ చేతిలో ఉంది. ఆ కంపెనీతో ఒప్పందం కుదరక వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఆ వసంతం ముగిసేలోగా స్పాటిఫైలోంచి సరెగమ పాటలు తొలగిపోయాయి. మరుసటి ఏడాది ఒప్పందం కుదిరాక గానీ తిరిగి రాలేదు. ఆ ఏడాది పాటు పాత పాటల ప్లేలిస్టు కట్టుకున్నవాళ్లకు ఖాళీ వరసలే మిగిలాయి. చందా కట్టేవాడి హక్కు వినడం వరకే. ఏది ఉండాలో, ఏది పోవాలో నిర్ణయించేది కంపెనీల మధ్య కుదిరే ఒప్పందం.

వీటన్నిటికంటే పెద్ద నష్టం మైస్పేస్‌లో జరిగింది. ఒకప్పుడు కొత్త గాయకులకు, చిన్న బ్యాండ్‌లకు వేదిక అది. సర్వర్లు మార్చే క్రమంలో 2003 నుంచి 2015 దాకా ఎక్కించిన పాటలు పోయాయని 2019 మార్చిలో బయటపడింది. కోటీ 40 లక్షల మంది కళాకారులకు చెందిన 5 కోట్ల పాటలని అంచనా. పరిశోధన కోసం ఎవరో ముందే దింపి ఉంచుకున్న సుమారు 4,90,000 పాటలను ఆ తర్వాతి నెలలో ఇంటర్నెట్ ఆర్కైవ్ అందరికీ అందుబాటులోకి తెచ్చింది. అంటే నూటికి ఒక్కటి. మిగతా తొంభై తొమ్మిదిలో ఎన్ని పాటలకు పాడినవాళ్ల దగ్గరైనా ప్రతి ఉందో ఎవరికి తెలుసు? తమ పాటను తామే దాచుకోకుండా ‘వెబ్‌సైట్‌లో ఉందిగా’ అని ఊరుకున్న కుర్రాళ్లెందరో.

చట్టాలు ఈ దిశగా ఇప్పుడిప్పుడే కదులుతున్నాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, డిజిటల్ వస్తువును వాడుకునే అనుమతి మాత్రమే ఇస్తూ ‘కొనండి’ అని రాయాలంటే ఆ సంగతి కొనేవాడికి స్పష్టంగా చెప్పాలి. శాశ్వతంగా దింపుకుని దాచుకోగలిగిన ఫైళ్లకు ఆ నిబంధన లేదు. ఆ మినహాయింపును గమనించాలి. చేతికొచ్చిన ఫైలుకూ, తెర మీద కనబడే పేరుకూ మధ్య తేడాను చట్టం కూడా ఒప్పుకుంది.

అలాగని క్లౌడ్‌ను వదిలేయమని కాదు. హార్డ్ డిస్కులూ చస్తాయి. ఇంట్లో రాసుకున్న సీడీలు కొన్నేళ్లకు చదవడం మానేస్తాయి. వరదొచ్చి ఇల్లు మునిగితే అల్మరాలోని రెండు డిస్కులూ ఒకేసారి పోతాయి. ఊరికి దూరంగా ఎక్కడో ఒక ప్రతి ఉండటం మేలే. ఫైళ్లు భద్రపరిచేవాళ్లు చాలాకాలంగా పాటించే లెక్క ఒకటుంది. ప్రతి ఫైలుకూ మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి ఇంటి బయట. పాటల విషయంలో దీన్ని పాటించడం పెద్ద ఖర్చు కాదు. 320 కేబీపీఎస్‌లో అయిదు నిమిషాల పాట 12 ఎంబీ ఉంటుంది. ఆ లెక్కన 1 టీబీ డిస్కులో 80,000 పాటలకు పైనే పడతాయి. జీవితాంతం పోగుచేసినా చాలామందికి అంత ఉండదు.

చేయాల్సిన పని కూడా సులువే, వరస మాత్రం తప్పకూడదు. క్లౌడ్ లైబ్రరీని ఆన్ చేయడానికి ముందే పాటల ఫోల్డర్ మొత్తాన్ని బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేయాలి. కాపీ అయ్యాక నాలుగైదు పాటలు ఆ డిస్కు నుంచే వేసి విని చూడాలి, ఫోల్డర్ సైజు రెండు చోట్లా ఒకటేనా చూసుకోవాలి. ఆ తర్వాత డిస్కును విడదీసి దాచాలి. కంప్యూటర్‌కు ఎప్పుడూ తగిలించి ఉంచే డిస్కు మీదికి కంప్యూటర్‌కొచ్చే జబ్బులన్నీ పాకుతాయి. రెండో ప్రతిని వేరే ఊళ్లో ఉన్న తమ్ముడి దగ్గరో, కూతురి దగ్గరో పెట్టొచ్చు. మూడోది గూగుల్ డ్రైవ్ లాంటి చోట ఉంచితే ఫైలు ఎలా పంపితే అలాగే ఉంటుంది, మ్యాచింగ్ గొడవ ఉండదు. అయితే అక్కడ కూడా తుడిచేసినవి చెత్తబుట్టలో 30 రోజులే ఉంటాయన్నది మరవకూడదు.

అమ్మమ్మ గొంతు లాంటి దొరకని రికార్డింగులకు ఇంకో జాగ్రత్త కావాలి. వాటిని సినిమా పాటల ఫోల్డర్‌లో కలపకుండా, మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ చూడని చోట విడి ఫోల్డర్‌లో ఉంచాలి. మొదట రికార్డయిన వేవ్ ఫైలును అలాగే ఉంచి, వినడానికి ఎంపీ3 ప్రతిని వేరుగా చేసుకోవాలి. ఫైలు పేరులోనే పాడినవారు, ఊరు, ఏడాది రాయాలి. ‘ట్రాక్ 07’ అన్న పేరుతో ఉన్న గొంతు ఎవరిదో ముప్పై ఏళ్ల తర్వాత మనవలకు చెప్పేవాళ్లుండరు.

ఇప్పటికే సింక్ ఆన్ చేసి ఉన్నవాళ్లు కంగారుపడి ఆపేయనక్కర్లేదు. ముందు అసలు ఫైళ్లు ఏ కంప్యూటర్‌లో ఉన్నాయో కనుక్కోండి. కంప్యూటర్ మ్యూజిక్ యాప్‌లోని పాటల జాబితాలో ‘క్లౌడ్ స్టేటస్’ అనే వరసను చూపించమంటే ఏ పాట మ్యాచ్ అయింది, ఏది అప్‌లోడ్ అయింది, ఏది అసలు వెళ్లనే లేదు అన్నది పాట పాటకూ చెబుతుంది. పాట పక్కన దింపుకోమనే మేఘం బొమ్మ ఉంటే ఆ ఫైలు మీ కంప్యూటర్‌లో లేదన్నమాట. యూట్యూబ్ మ్యూజిక్‌లో దాచినవాళ్లు గూగుల్ టేకవుట్ అనే సదుపాయం ద్వారా తమ అప్‌లోడ్‌లను వెనక్కి దింపుకోవచ్చు. అమ్మానాన్నల పాత ల్యాప్‌టాప్ మూలన పడి ఉంటే, దాన్ని ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చేసే ముందు ఒక్కసారి ఆన్ చేసి పాటల ఫోల్డర్ తెరిచి చూడండి. అందులో ఏముందో వాళ్లనే పక్కన కూర్చోబెట్టుకుని అడిగి, పేర్లు రాసుకుని, డిస్కులోకి కాపీ చేశాకే ఇవ్వండి.